ఇరవయ్యో రిపోర్టు

డబ్బాల ఫ్యాక్టరీలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆయన డిక్షనరీ గారు. మొదట్లో ఎవరో వెటకారంగా పెట్టిన పేరే అది. ముప్పై ఏళ్ళలో వెటకారం అరిగిపోయి పేరు మిగిలింది. ఆయన పైకి పట్టించుకోనట్టే ఉండేవాడు గానీ, గేటు దగ్గర ఎవరైనా "నమస్కారం డిక్షనరీ గారూ" అన్నారంటే ఆ పూటంతా నడకలో కొంచెం దర్జా కనిపించేది.

ఆ ఫ్యాక్టరీలో బిస్కట్ల డబ్బాలు, పెయింటు డబ్బాలు, వాటి మూతలు తయారవుతాయి. రేకు ముక్క ప్రెస్సు కింద పెట్టి కాలితో పెడల్ తొక్కితే పైనుంచి అచ్చు దిగుతుంది, రేకు మూతై బయటికొస్తుంది. రోజుకి వేల మూతలు. డిక్షనరీ గారి గది గేటుకీ ప్రెస్సుల షెడ్డుకీ మధ్యలో ఉండేది. ఒక బల్ల, ఒక ఇనప బీరువా, మందుల పెట్టె, గోడ గడియారం. తలుపు పక్కన గోడకి ఆనించి ఒక ఇనప జల్లెడ చట్రం. పొద్దున్నే రాగానే గొడుగు దాని అంచుకి తగిలించి, కుర్చీ దుమ్ము దులిపి కూర్చునేవాడు.

హాజరు పట్టీ, సెలవు చీటీలు, ప్రమాదాల రిజిస్టరు ఆయన పని. అన్నీ ఇంగ్లీషులోనే. ఎక్కడో ఉన్న హెడ్డాఫీసులో ఎవరికీ వేరే భాష అక్కర్లేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక ముసలి మేనేజరు ఉండేవాడు. కుర్రాడి చేతిరాత చూసి ముచ్చటపడి, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాడు: "రిపోర్టులో రక్తం కనపడకూడదయ్యా. చదివేవాడు కాఫీ తాగుతూ చదువుతాడు." ఆ మాట మనవాడికి మంత్రోపదేశంలా తలకెక్కింది. అట్ట నోటుబుక్కు ఒకటి కొని, మనుషులకి వచ్చే కష్టాలన్నిటికీ తగిన ఇంగ్లీషు మాటలు అందులో రాసుకున్నాడు. దెబ్బ తగిలితే సస్టెయిన్డ్. ఆపరేషనైతే అండర్‌వెంట్. జబ్బుకి సఫర్డ్. ఏళ్ళ తరబడి పడ్డ అవస్థకి ఎండ్యూర్డ్. ఏ బాధకి ఏ మాటో ఇట్టే చెప్పగలిగేవాడు. కొలత తీసుకోకుండానే చొక్కా కుట్టే దర్జీకి ఉన్నంత నమ్మకం ఉండేది ఆయనకి తన మీద.

సెలవు చీటీ కావాలంటే జనం ఆయన కిటికీ ముందు నిలబడేవాళ్ళు. "మా అత్తకి ఒంట్లో బాలేదు సార్, రెండ్రోజులు" అని ఒకడంటే, ఆయన కళ్ళజోడు పైకి తోసి, "బాలేదంటే ఎలా బాలేదు? సఫరింగా, అండర్‌గోయింగా?" అని నిలదీసేవాడు. వాడు బుర్ర గోక్కుని, "మంచం మీదుంది సార్" అనేవాడు. చీటీ చేతికొచ్చాక దాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి, ఇంత పెద్ద మాటలు పడ్డాయంటే అత్త బతకడం కష్టమేమోనని బెంగపడి వెళ్ళేవాడు.

ఇంట్లోనూ ఇదే వరస. "పాలు పొంగిపోయాయండీ" అని భార్య అరిస్తే, "ఓవర్‌ఫ్లోకి గురయ్యాయన్నమాట" అనేవాడు పేపరు దించకుండా. "గురైంది నా ఖర్మ. లేచి ఆ స్టవ్వు తుడవండి" అనేది ఆవిడ. అరుగు మీద కూర్చుని ఎవరిదో గడియారం విప్పుతున్న తమ్ముడు పగలబడి నవ్వేవాడు. "అన్నయ్యా, ఇది రెండుసార్లు కింద పడిందట. ఏం అండర్‌గో అయిందో ఒక చీటీ రాసివ్వవూ?"

తమ్ముడంటే ఆయనకి ప్రాణం. పదమూడేళ్ళు చిన్న. అమ్మా నాన్నా ఏడాది తేడాలో పోయేసరికి వాడికి తొమ్మిదేళ్ళు. పెళ్ళైన కొత్తలోనే వాణ్ణి తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. ఆవిడ మారుమాట లేకుండా పెంచింది. చదువు అబ్బలేదు గానీ వాడి చేతుల్లో ఏదో ఉండేది. గడియారం, రేడియో, కుట్టు మిషను, ఏదిచ్చినా చెవి దగ్గర పెట్టుకుని విని, "ఇదిగో ఇక్కడ నొప్పి దీనికి" అని విప్పేవాడు. ఆ వేళ్ళు చూసే డిక్షనరీ గారు మేనేజరు కాళ్ళా వేళ్ళా పడి వాడికి ఫ్యాక్టరీలో మరమ్మతుల పని ఇప్పించాడు. పెళ్ళి చేసి, పక్క వాటాలోనే కాపురం పెట్టించాడు.

ఇక ఆ జల్లెడ చట్రం సంగతి చెప్పాలి.

అది నాలుగో ప్రెస్సుది. అచ్చు దిగే ముందు ఆ జల్లెడ అడ్డంగా పడి, చేతిని వెనక్కి తోసేస్తుంది. చెయ్యి లోపలుంటే అచ్చు దిగదు. అయితే అది పడి లేవడానికి కొన్ని క్షణాలు పట్టేది. తొమ్మిదేళ్ళ కిందట కొత్త మేనేజరు వచ్చి, ఆ క్షణాలు లెక్కేసుకుని, జల్లెడ తీయించేశాడు. సూపర్‌వైజరు దాన్ని ఈడ్చుకొచ్చి డిక్షనరీ గారి గదిలో పెట్టాడు. "ఇక్కడుండనివ్వండి సార్, తనిఖీకి వచ్చిన రోజు బిగించుకుంటాం" అన్నాడు. అన్నట్టుగానే ఏడాదికోసారి పొద్దున్నే వచ్చి పట్టుకుపోయేవాళ్ళు. ఆ ఒక్కరోజు డిక్షనరీ గారు గొడుగు ఎక్కడ పెట్టాలో తెలియక విసుక్కునేవాడు.

ఆ తొమ్మిదేళ్ళలో నాలుగో ప్రెస్సు కింద పంతొమ్మిది మందికి దెబ్బలు తగిలాయి. గోరు ఊడినవాళ్ళున్నారు, వేలు పోయినవాళ్ళున్నారు. పంతొమ్మిదిసార్లూ ఆయన నల్ల సిరాతో, అచ్చు గుద్దినట్టున్న ఇంగ్లీషు అక్షరాలతో ఒకటే వాక్యం రాశాడు: ది వర్కర్ సస్టెయిన్డ్ ఎ మైనర్ ఇంజరీ డ్యూ టు మొమెంటరీ ఇన్‌అటెన్షన్. క్షణకాలపు పరధ్యానం వల్ల పనివాడు చిన్న గాయానికి లోనయ్యాడు. పేరూ తేదీ మారేవి, వాక్యం మారేది కాదు. అందులో ప్రెస్సు ఊసే లేదు. మనిషి తనంతట తనే వెళ్ళి గాయాన్ని తెచ్చుకున్నట్టు ఉండేది.

మొదటిసారి ఆయన చెయ్యి ఆగింది. మేనేజరు బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తూ అన్నాడు: "మెషీన్ తప్పని రాస్తే మెషీన్ ఆపేస్తారు. మెషీన్ ఆగితే నలభై మంది ఇంట్లో కూర్చుంటారు. మీ ఇష్టం మాస్టారూ." సూపర్‌వైజరైతే ఘోరమైన నిర్లక్ష్యం అని రాయాల్సిందేనని పట్టుబట్టాడు. డిక్షనరీ గారు వాదించి, వాదించి, దాన్ని క్షణకాలపు పరధ్యానానికి దించాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళుతూ ఒక పేదవాడికి మేలు చేశాననే అనుకున్నాడు. మనిషికి తనని తాను నమ్మించుకోవడం కన్నా సులువైన పని లేదు, అందులో ఈయనకి మాటల కరువు కూడా లేదు.

పైగా దెబ్బ తగిలినవాళ్ళే వచ్చి దణ్ణం పెట్టేవాళ్ళు. మూతలు ఏరే ఒకావిడ ఉండేది, అందరూ మూతలక్క అనేవాళ్ళు. మనిషి తక్కువైన రోజున ఆవిణ్ణి నాలుగో ప్రెస్సు మీద కూర్చోబెట్టారు, కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి. కట్టుతోనే వచ్చి రిపోర్టు నకలు అడిగి తీసుకుని, కళ్ళకద్దుకుంది. "మా ఇంట్లో ఇంగ్లీషు కాయితం ఇదే మొదటిది సార్. నేను పడ్డదంతా రాశారు కదా?" అంది. "అంతా ఉందమ్మా" అన్నాడు డిక్షనరీ గారు.

ఒక వేసవి సోమవారం నాలుగో ప్రెస్సు మనిషి పన్ను పీకించుకోవడానికి సెలవు పెట్టాడు. ఆ చీటీ రాసింది డిక్షనరీ గారే. అండర్‌గోయింగ్ ఎక్స్‌ట్రాక్షన్ అని రాసి, తన మాటకి తనే మురిసిపోయాడు. మనిషి లేడు కాబట్టి మరమ్మతుల వాణ్ణి ఆ పూటకి ప్రెస్సు మీద కూర్చోమన్నారు. ఆ మార్పు హాజరు పట్టీలో ఎక్కించింది కూడా ఆయనే. తమ్ముడి పేరు, నాలుగో ప్రెస్సు గడిలో.

భోజనాలయ్యి పని మళ్ళీ మొదలైన కాసేపటికి షెడ్డులో ప్రెస్సుల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. అలా ఆగిందంటే ఏమిటో ఆ గదిలో కూర్చున్నవాడికి తెలుసు. అలవాటుగా లేచి మందుల పెట్టె మూత తీశాడు. రిజిస్టరు కూడా అలవాటుగానే బల్ల మీదికి లాగాడు. అప్పుడు ఇద్దరు మనుషులు తమ్ముణ్ణి పట్టుకుని లోపలికి తెచ్చారు.

కుడిచేతికి ఎవరిదో చొక్కా చుట్టారు. ఆ చొక్కా తెల్లదో నీలందో చెప్పడానికి లేదు. నాలుగు వేళ్ళు, సగం అరచెయ్యి పోయాయి. తమ్ముడి ముఖం సున్నం కొట్టినట్టుంది. "అన్నయ్యా" అన్నాడు, "అన్నయ్యా, నీ మరదలికి నేను చెప్పలేను, నువ్వే చెప్పు." ఇంకా ఏదో అనబోయి కుర్చీలో పక్కకి ఒరిగిపోయాడు. డిక్షనరీ గారు రెండు చేతులతో వాడి తల పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా పోగుచేసుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. "చిన్నా, ఒరేయ్ చిన్నా" అన్నది తప్ప ఆస్పత్రి దాకా ఇంకో మాట లేదు.

ఆ రాత్రంతా ఆస్పత్రి వరండాలో గడిపి, తెల్లారాక సెలవు చెప్పి వద్దామని ఫ్యాక్టరీకి వచ్చాడు. గదిలో నేల తుడిచేసి ఉంది. మేనేజరు మనిషి బల్ల దగ్గర కాచుకుని ఉన్నాడు. "సార్, రిపోర్టు పదింటిలోపు వెళ్ళాలట. మీరు రాయలేనంటే సూపర్‌వైజరు గారు రాస్తానంటున్నారు." సూపర్‌వైజరు రాస్తే ఏం రాస్తాడో ఆయనకి తెలుసు. కుర్చీలో కూర్చున్నాడు, కలం తీశాడు. కళ్ళు మంటలు, చెవుల్లో తమ్ముడి గొంతు. తేదీ రాశాడు, తమ్ముడి పేరు రాశాడు. చెయ్యి తనకి తెలిసిన దారిలోనే వెళ్ళింది. ఎక్కడా ఆగకుండా, ఎక్కడా కొట్టివేత లేకుండా వెళ్ళింది. సస్టెయిన్డ్. మైనర్. మొమెంటరీ ఇన్‌అటెన్షన్. సంతకం పెట్టి, అద్దుడు కాగితం అద్ది ఇచ్చేశాడు. మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళే బస్సులో, కిటికీ పక్కన కూర్చున్నాక, తను రాసిందేమిటో గుర్తొచ్చింది. బస్సు దిగి వెనక్కి పరిగెత్తాడు. మేనేజరు అప్పటికే సంతకం చేసి పంపేశాడు. "ఇరవయ్యోది కదా మాస్టారూ, మీకు చూసుకోవాల్సిన పనేముంది?" అన్నాడు మేనేజరు మెచ్చుకోలుగా.

ఆయన ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబుదామని ప్రతిరోజూ అనుకున్నాడు. తమ్ముడు ఎడమచేత్తో గ్లాసు ఎత్తడం నేర్చుకుంటూంటే చూస్తూ కూర్చునేవాడు. "రేపు" అనుకుని లేచొచ్చేవాడు.

రెండు నెలలకి కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది, ఇంగ్లీషులో. చెయ్యి పోయిన తమ్ముడు గేటు గదిలో కూర్చునే పని ఇప్పించమని అడిగాడు, దానికి జవాబు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. ఎడమచేత్తో కవరు చింపలేక పళ్ళతో చింపి, తమ్ముడు కాగితం అన్నకిచ్చాడు. "చదువన్నయ్యా. ఇచ్చారా?"

డిక్షనరీ గారు పైనుంచి కింది దాకా చదివాడు. గాయం చిన్నదనీ, సొంత పరధ్యానం వల్ల జరిగిందనీ రిపోర్టులో ఉంది గనక, వేరే పని ఇచ్చే బాధ్యత కంపెనీకి లేదు. వచ్చే నెల నుంచి రానక్కర్లేదు.

ఆయన అబద్ధం చెప్పొచ్చు. ఆ ఇంట్లో ఆయన చదివిందే వేదం. కానీ ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పేశాడు.

"చిన్న గాయమా?" అంది మరదలు. ఎప్పటిలా తల వంచుకుని కాదు, సూటిగా బావగారి ముఖంలోకే చూస్తూ అంది. తమ్ముడు ఎడమచేత్తో కాగితం వెనక్కి తీసుకున్నాడు. తరువాత నెమ్మదిగా అడిగాడు.

"రిపోర్టు రాసేది నువ్వేగా?"

"నేనే."

"సూపర్‌వైజరు మార్చేశాడా?"

డిక్షనరీ గారు తల అడ్డంగా ఊపాడు.

తమ్ముడు కేకలెయ్యలేదు. లేచి లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నాడు. మర్నాటి నుంచి ఎదురుపడితే పక్కకి తప్పుకునేవాడు. ఏదైనా అవసరమైతే "వదినా, ఆయన్ని అడుగు" అనేవాడు. అన్నయ్య అనే మాట ఆ ఇంట్లో వినపడ్డం మానేసింది. తిట్టినా బాగుండేదని డిక్షనరీ గారు కుమిలిపోయాడు. ఆయన భార్య మాత్రం తిట్టింది. "తొమ్మిదేళ్ళ పిల్లాణ్ణి నా ఒళ్ళో పెట్టి, పెంచమన్నారు. పెంచాను. ఇందుకా?" అంది, అని ఏడ్చింది.

కార్మిక శాఖకి అర్జీ పెట్టింది మరదలు. ఎవరి సాయమూ అడగలేదు. చిత్తు కాగితం మీద తెలుగులో నాలుగు ముక్కలు రాసింది: మా ఆయన చెయ్యి నాలుగో ప్రెస్సు కింద పోయింది. దానికి జల్లెడ లేదు. చిన్న గాయం అంటున్నారు. మీరే వచ్చి చూడండి. డిక్షనరీ గారు ఇంతవరకూ ఊళ్ళోవాళ్ళకి ఇంగ్లీషులో రాసిచ్చిన అర్జీల్లో ఒక్కదానికీ ఎవరూ కదిలి రాలేదు. దీనికి నెల తిరక్కుండా ఒక మేడమ్ విచారణకి వచ్చింది.

విచారణ ఫ్యాక్టరీలోనే, మేనేజరు గది పక్క హాల్లో. ప్రమాదం జరిగిన రోజున ప్రెస్సుకి జల్లెడ బిగించి లేదని తేలితే తమ్ముడికి గేటు గదిలో పని ఇచ్చి తీరాలి. లేదంటే ఇంటికే. మేడమ్ వచ్చేసరికి ప్రెస్సుకి జల్లెడ బిగించి ఉంది, కొత్తది, పెయింటు వాసన ఇంకా పోలేదు. ఎప్పుడూ అది అక్కడే ఉందని సూపర్‌వైజరు ఒట్టేసినంత పని చేశాడు. డిక్షనరీ గారి వంతు వచ్చింది. ఆయన లేచి, నాలుగో ప్రెస్సుకి జల్లెడ లేదనీ, తన రిపోర్టు తప్పనీ చెప్పాడు.

మేడమ్ రిజిస్టరు తిప్పింది. "ఇవన్నీ మీ రాతేనా?"

"నా రాతేనండీ."

"ఈ ఒక్క ప్రెస్సు మీదే ఇరవై ఉన్నాయి. ఇరవై చోట్లా పనివాడి పరధ్యానమనే రాశారు. పంతొమ్మిది మంది విషయంలో నిజమైంది, మీ తమ్ముడి దగ్గరికొచ్చేసరికి అబద్ధమైందా?"

"ఇరవయ్యీ అబద్ధాలేనండీ."

హాల్లో ఎవరో దగ్గారు. తమ్ముడు బల్ల చివర కూర్చుని కిందికే చూస్తున్నాడు. మేనేజరు నవ్వుతూ అన్నాడు: "రక్తసంబంధం కదా మేడమ్. మనం అర్థం చేసుకోవాలి."

డిక్షనరీ గారు బయటికి నడిచాడు. తన గదిలోకి వెళ్ళి, జల్లెడ చట్రాన్ని రెండు చేతులతో ఎత్తుకున్నాడు. అది మోయలేనంత బరువు. రొప్పుతూ తెచ్చి మేడమ్ ముందు బల్ల మీద పెట్టాడు. కంగారులో గొడుగు తియ్యడం మర్చిపోయాడు, అది దాని అంచునే వేలాడుతోంది.

"పాత జల్లెడ ఇదండీ. తొమ్మిదేళ్ళుగా నా గదిలోనే ఉంది. రోజూ నా గొడుగు దీనికే తగిలించుకునేవాణ్ణి."

మేడమ్ ఆ గొడుగు పక్కకి జరిపి చూసింది. తుప్పు పట్టిన చట్రం మీద కొక్కెం రాసుకుపోయి, ఒక్క చోట మాత్రం నున్నగా మెరుస్తోంది. "నేను మీ మాట నమ్ముతున్నాను" అంది చివరికి. "కానీ నా నమ్మకంతో పని జరగదు. ఇరవై కాగితాలు ఒకవైపు, అన్నగారి నోటిమాట ఒకవైపు. పాత ఇనుము ఎక్కడైనా ఉంటుందంటారు వాళ్ళు. దెబ్బ తగిలినవాళ్ళని తీసుకురండి. మూడు వారాలు గడువిస్తాను."

ఆ మూడు వారాలూ డిక్షనరీ గారు ఊరు పట్టుకు తిరిగాడు. పంతొమ్మిది మందిలో ఇద్దరు పోయారు. ఆరుగురు ఎక్కడున్నారో తెలియలేదు. మిగిలినవాళ్ళలో కొందరు తలుపు దగ్గరే "మా అబ్బాయి అక్కడే పనిచేస్తున్నాడు సార్, మమ్మల్ని వదిలెయ్యండి" అని చేతులు జోడించారు. ఒకడు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి, లేని బొటనవేలు చూపించి, "దీనికి మీరు రాసింది చాలా బాగుందని మా అల్లుడన్నాడు సార్" అన్నాడు. ఆ ఇంట్లోంచి ఆయన ఎలా బయటపడ్డాడో ఆయనకే తెలియదు.

మూతలక్క ఇల్లు ఒక సందు చివర, రెండు మెట్లు ఎక్కితే ఒకటే గది. గుమ్మంలో డిక్షనరీ గారిని చూసి హడావిడిగా స్టూలు తుడిచింది. ఆయన సంగతంతా చెప్పకముందే, ట్రంకు పెట్టె తెరిచి, ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం తీసింది. మడతలు చిరగకుండా వెనక టేపు అంటించి ఉంది. "ఇన్నాళ్ళకొచ్చారు. కాస్త చదివి పెట్టండి సార్. నేను పడ్డదంతా ఇందులో ఉందని అందరికీ చెప్పుకున్నాను గానీ, ఏముందో నాకెవరూ చదివి చెప్పలేదు."

ఆయన చదివాడు. ఒక్క వాక్యమే కదా, చదవడానికి ఎంతసేపు. తెలుగులో చెప్పాడు.

మూతలక్క ఇంకా ఉందేమోనని ఎదురుచూసింది. "అంతేనా?" అంది.

"అంతేనమ్మా."

"పరధ్యానమా?" ఆవిడ స్టూలు ఎదురుగా నేల మీద కూలబడింది. "ఆ రోజు నేను రెండు గంటల నుంచీ నీళ్ళకి కూడా లేవలేదు సార్. కళ్ళు అచ్చు మీంచి తిప్పలేదు. భయంతో ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. నా జన్మలో అంత ధ్యాసగా ఏ పనీ చెయ్యలేదు." మూడు వేళ్ళ చేత్తో కాగితం మడిచి, మళ్ళీ కవరులో పెట్టబోయి ఆగింది. "మీరు వచ్చి చూశారు కదా. నా చేతికి గుడ్డ చుట్టింది మీరేగా. నేను ఏడిస్తే ఊరుకోమన్నది మీరేగా. అన్నీ చూసి, వెళ్ళి ఇది రాశారా?"

ఆయన స్టూలు మీంచి దిగి నేల మీద కూర్చున్నాడు. "రాశానమ్మా. తప్పైపోయింది" అన్నాడు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మూతలక్క ఊరుకోమనలేదు. ఆయన ఏడుపు ఆగేదాకా గోడ వంక చూస్తూ కూర్చుంది. కళ్ళు తుడుచుకున్నాక ఆయన తమ్ముడి సంగతీ, విచారణ సంగతీ చెప్పాడు. తరువాత, "మీ కోసం రాను" అంది. "ఆ పిల్లాడి కోసం వస్తాను. మా మేనకోడలి కుట్టు మిషను బాగు చేసి ఒక్క పైసా పుచ్చుకోలేదు."

గడువు రోజున ముగ్గురు వచ్చారు. పంతొమ్మిది మందిలో ముగ్గురు. మూతలక్క అందరికన్నా ముందొచ్చి, బల్ల మీద చెయ్యి పెట్టి, తనకేం జరిగిందో మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. పావుగంట పట్టింది. మేడమ్ ఒక్క ముక్క వదలకుండా రాసుకుంది. మిగతా ఇద్దరూ చెప్పారు. ఆ ముగ్గురి కాగితాలకీ ఇప్పుడు గడువు మీరిపోయిందని, వాళ్ళకి తను చెయ్యగలిగింది లేదని మేడమ్ తల వంచుకుని చెప్పింది. "నాకేం వద్దమ్మా, చెప్పుకున్నాను చాలు" అంది మూతలక్క. ఆవిడ ప్లాస్టిక్ కవరు ఆ బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయింది.

తమ్ముడికి గేటు గదిలో పని వచ్చింది. ప్రెస్సులన్నిటికీ జల్లెళ్ళు ఎప్పుడూ ఉండి తీరాలని ఉత్తర్వు వచ్చింది. మేనేజరు బదిలీ అయ్యాడు. తప్పుడు రిపోర్టులు రాసినందుకు డిక్షనరీ గారిని ఉద్యోగంలోంచి తీసేశారు. పదవీ విరమణకి ఇంకా పద్నాలుగు నెలలున్నాయి. ఆయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు. తీసేసిన ఉత్తరంలో ఇంగ్లీషు తప్పులు రెండున్నాయి, అవి కూడా చూపించలేదు.

ఆఖరి రోజు బీరువా తాళాలు అప్పజెప్పి, అట్ట నోటుబుక్కు చెత్తబుట్టలో పడేసి, గొడుగు తీసుకుని గేటు దాకా వచ్చాడు. గేటు గది కిటికీలో తమ్ముడు కూర్చున్నాడు. కొత్త పని, ముందు రిజిస్టరు. బయటికి వెళ్ళే మనిషి పేరు, చేతిలో వస్తువులు, వెళుతున్న కారణం రాయాలి. అందరికీ ఒకటే నియమం. డిక్షనరీ గారు కిటికీ ముందు నిలబడ్డాడు. గొడుగు కనపడేలా పట్టుకున్నాడు.

తమ్ముడు తలెత్తలేదు. ఎడమచేతి వేళ్ళ మధ్య కలం బిగించాడు. సగం మిగిలిన కుడి అరచేత్తో పుస్తకం కదలకుండా అదిమి, మొదలుపెట్టాడు. ఒక్కొక్క అక్షరానికీ పెదవి కొరుక్కుంటున్నాడు. వెనక నలుగురు నిలబడ్డారు, ఎవరూ తొందర పెట్టలేదు. ఒకప్పుడు పలక మీద వాడి చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించింది డిక్షనరీ గారికి గుర్తొచ్చింది. తను రాసిస్తానని చెయ్యి చాపబోయి, మళ్ళీ లాక్కున్నాడు.

రాయడం అయ్యాక తమ్ముడు పుస్తకం ఇటు తిప్పాడు, సంతకం కోసం.

పేరు దగ్గర, మా అన్నయ్య అని ఉంది. వస్తువులు, గొడుగు ఒకటి. కారణం దగ్గర గడి చాలక పక్క గడిలోకి పోయింది: నా చెయ్యి పోతే చిన్న గాయం అని రాశాడు. తరువాత అందరి ముందూ నిజం చెప్పాడు.

డిక్షనరీ గారు దాన్ని రెండుసార్లు చదివాడు. కింద సంతకం పెట్టాడు. తమ్ముడు పుస్తకం వెనక్కి లాక్కుని, వెనకున్న మనిషిని రమ్మన్నాడు.

ఇంటికి వెళ్ళాక గొడుగు ఎక్కడ తగిలించాలో ఆయనకి తోచలేదు. కాసేపు చేత్తో పట్టుకుని నిలబడి, గుమ్మం పక్కన నేల మీద ఆనించి, లోపలికి వెళ్ళాడు.